గుప్పెడు బియ్యం దొంగ

అనగనగా, అనగనగా... ముందు కాళ్ళు లోపలికి పెట్టుకో, దుప్పటి నేను కప్పుతాను. ఆఁ, అలాగ. అనగనగా ఒక కాలవ. ఆ కాలవ గట్టున ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరి దేవుడూ ఒక్కడే గానీ, ఆయనకి గుళ్ళు మాత్రం రెండు.

ఒకటి గంట గుడి. పెంకులు కప్పిన పాత గుడి, ముందర ఇత్తడి గంట. రెండోది పాక మందిరం. తాటాకు కప్పు, గంట లేదు, డప్పూ తాళాలూ ఉన్నాయి. గంట గుడి వాళ్ళు పసిపిల్లల నెత్తిన మూడు చుక్కలు చల్లి బాప్తిస్మం ఇస్తారు. పాక మందిరం వాళ్ళు పెద్దయ్యాక మనిషిని నిలువునా కాలవలో ముంచి ఇస్తారు. చల్లే నీళ్ళూ ముంచే నీళ్ళూ ఆ ఒక్క కాలవవే. అయినా సరే, వీళ్ళది బాప్తిస్మమే కాదని వాళ్ళు, వాళ్ళది బాప్తిస్మమే కాదని వీళ్ళు.

అంతటితో పోయినా బాగుండును. గంట గుడి వాళ్ళ పెళ్ళికి పాక మందిరం వాళ్ళు వెళ్ళరు. పాక మందిరం వాళ్ళ పొయ్యి ఆరిపోతే గంట గుడి వాళ్ళింటికి నిప్పుకి రారు. దారిలో ఎదురుపడితే వందనాలు చెప్పుకోవాల్సిన నోళ్ళు బిగించుకుని, ఒకళ్ళు కాలవ వైపు, ఒకళ్ళు చేల వైపు చూసుకుంటూ పోతారు. ఇదంతా దేవుడి మీద ప్రేమేనట! చెప్పడానికి నాకే సిగ్గేస్తోంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదమ్మా.

ఆ గంట గుళ్ళో తబితమ్మ అని ఒకావిడ ఉండేది. స్త్రీల సమాజానికి పెద్ద. కష్టజీవి, మాట మీద నిలబడే మనిషి. కానీ గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే మాట. "మీదే సంఘం?" గాజులమ్మేవాడొచ్చినా అదే, దాహమని దారిన పోయేవాళ్ళొచ్చినా అదే. ఒకసారి దూడ తప్పిపోయి వెతుక్కుంటూ ఒకామె వస్తే ఆమెనీ అడిగింది. దూడని అడగలేదు, అదే పదివేలు.

ఆవిడ చేతి కింద ఒక పెద్ద పని ఉండేది. అదే గుప్పెడు బియ్యం.

అంటే ఏంటనుకున్నావు? గుడికెళ్ళే ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ, ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పక్కన ముంతలో వేస్తారు. అది దేవుడి బియ్యం. పిల్లలకి చాలినా చాలకపోయినా ఆ గుప్పెడు తియ్యాల్సిందే. శనివారం పొద్దున్నే తబితమ్మ గోనెసంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ముంతలు దులిపించుకునేది. తెచ్చి గుడి వెనక గుమ్మం పక్కనున్న పెద్ద బానలో పోసేది. ఏడాదికోసారి పండక్కి ఆ బియ్యం వండి సంఘం వాళ్ళంతా కూర్చుని తినేవాళ్ళు. గంట గుడి సంఘం వాళ్ళే సుమా. పాక మందిరం వాళ్ళ గుప్పెడు వేరు, వాళ్ళ బాన వేరు.

తబితమ్మకి ఇంకో గొప్ప ఉంది. ప్రార్థనలో ఆవిడ కళ్ళు తెరవడం పుట్టి బుద్ధెరిగాక ఎవరూ చూడలేదు. గంట గుడి అయ్యగారు ప్రార్థన మొదలుపెడితే పొయ్యి మీద కందిపప్పు ఉడికి మెత్తబడిపోయేది. అంతసేపూ తబితమ్మ రెప్ప కదిలేది కాదు. చీమ కుట్టినా కదలదు. ఒకసారి తేలు పాకిందట, అయినా కదల్లేదట. తేలు సంగతి ఆవిడే చెప్పుకుంది, మనం చూడలేదు.

తబితమ్మకి వాళ్ళమ్మ తోడు. పేరు నిరీక్షణమ్మ, ఊరంతా మామ్మ అంటారు. ఎనభై దాటాయి. మోకాళ్ళు వంగవు, అందుకని గుళ్ళో వెనక గుమ్మం దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చునేది. మామ్మ పెద్దగా మాట్లాడదు. అడిగిందానికి "ఊఁ" అంటుంది, లేదంటే నవ్వుతుంది.

మామ్మకి ఈ లోకంలో ఉన్న ఆశ ఒక్కటే. గంట గుడి వెనక సమాధుల తోట ఉంది. అందులో మామ్మ పెనిమిటి సీలాసు తాతని పెట్టారు. తాత పక్కన ఒక మనిషి పట్టేంత జాగా ఖాళీగా ఉంచారు. మామ్మ వారం వారం వెళ్ళి, తాత సమాధి మీద ఆకులు ఊడ్చి, ఆ పక్క జాగాలో మొలిచిన గడ్డి కూడా పీకేసి, "ఇది నా మంచం" అని మురిసిపోయేది. బతికుండగా తాతకీ మామ్మకీ రోజూ తగువే. అయినా ఆయన పక్కనే పడుకోవాలట.

ఇలా ఉండగా ఒక ఎండాకాలం కాలవలు కట్టేశారు. నీళ్ళు ఆగిపోయాక పూడిక తియ్యడానికి ఎగువ ఎక్కడి నుంచో కూలీలు వచ్చి లాకుల దగ్గర గుడిసెలు వేసుకున్నారు. వచ్చిన వారానికే వాళ్ళలో ఆటలమ్మ పోసింది. ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అంటుకుని గుడిసెలన్నీ పడకేశాయి. అది విని ఊళ్ళో వాళ్ళు లాకుల దారే మానేశారు.

అప్పుడు మొదలైంది అసలు కథ.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తబితమ్మ బాన మూత తీసి చూసింది. శనివారం అంచు దాకా పోసిన బియ్యం బెత్తెడు కిందికి దిగింది! ఎలకలేమోనని బాన చుట్టూ తిరిగి చూసింది. ఎలక ఎక్కడైనా మూత తీసి, తిని, మళ్ళీ మూత పెడుతుందా? పెట్టదు కదా.

ఆ తర్వాత రెండో ఆదివారం. మళ్ళీ చూసింది. ఈసారి జానెడు దిగింది. "దేవుడి బియ్యం! దేవుడి బియ్యం ముట్టుకున్నారు!" అని తబితమ్మ గుండెలు బాదుకుంది. గుడంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. డబ్బు పోతే ఒక లెక్క. పిల్లల కంచంలోంచి తీసి దేవుడికని దాచిన గింజ పోతే ఎలా ఉంటుంది చెప్పు?

"ఇంకెవరు? ఆ పాకవాళ్ళే!" అంది తబితమ్మ. అప్పుడు పదిమంది ఆడవాళ్ళని వెంటేసుకుని పాక మందిరానికి దూసుకెళ్ళింది.

అక్కడ ప్రిస్కిల్లమ్మ అని, పాక మందిరం ఆడవాళ్ళకి పెద్ద. నోటి దురుసులో తబితమ్మకి ఏమాత్రం తీసిపోదు. తబితమ్మ గుమ్మం అవతలే నిలబడి, లోపల అడుగు పెట్టకుండా, "మా బాన మీద చెయ్యేసింది మీరేనా?" అని అరిచింది.

"నోరు జారకు! మా బానే సగం ఖాళీ అయింది. మీ పాత గుడి వాళ్ళే ఎత్తుకుపోయారని మేం అనుకుంటున్నాం!" అని ప్రిస్కిల్లమ్మ అంతకంటే గట్టిగా అరిచింది.

"మాకేం ఖర్మ, మీ ముంపుళ్ళ బియ్యం తినడానికి?"

"మాకేం ఖర్మ, మీ చల్లుళ్ళ బియ్యం తినడానికి?"

దేవుడి పేరు పెట్టుకున్న ఆడవాళ్ళు నడివీధిలో కొప్పులు ఊడేలా తిట్టుకున్నారమ్మా. విన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు.

తబితమ్మ ఇంటికొచ్చి తెగ ఆలోచించింది. వాళ్ళ బియ్యం పోయాయంటే ఆవిడ నమ్మలేదు. వాళ్ళు మన గుళ్ళోకి వస్తే ఎవరో ఒకరు చూస్తారు. అంటే మనలోనే ఒకళ్ళు తీసి వాళ్ళకి మోస్తున్నారు. ఆ ఊహకే ఒళ్ళు మండిపోయింది. ఆ బుధవారం కూటంలో లేచి నిలబడి చెయ్యెత్తింది.

"అయ్యగారూ, పెద్దలూ, వినండి. ఈ దొంగ మన సంఘంలోనే ఉన్నారు. ఎవరైనా సరే, నా కడుపున పుట్టినవాళ్ళైనా సరే, దొరికిన రోజున సంఘం పుస్తకంలో వాళ్ళ పేరు కొట్టెయ్యాలి. సమాధుల తోటలో వాళ్ళకి జానెడు చోటు ఇవ్వకూడదు. దేవుడి ముందు మాటిస్తున్నాను. దీనికి ఒప్పుకున్నవాళ్ళు ఆమెన్ అనండి!"

గుడంతా "ఆమెన్" అంది. అందరికంటే గట్టిగా, అందరి తర్వాత, వెనక పీట మీద నుంచి ఒక ఆమెన్ వినిపించింది. అది మామ్మ గొంతు. మామ్మ అంత గట్టిగా మాట్లాడగా ఎవరూ విననే లేదు. తబితమ్మ పొంగిపోయింది. మా అమ్మకి ఎంత రోషమో చూశారా అనుకుంది.

ఆ తర్వాత మూడో ఆదివారం వచ్చింది.

తబితమ్మ శనివారమంతా ఒకటే ఆలోచన. బాన గుళ్ళోనే ఉంటుంది. ఆదివారం దాకా గుడికి తాళం, తాళంచెవి తన కొంగుకే. ఆరాధన మొదలయ్యేటప్పుడు చూస్తే బియ్యం ఉంటాయి, అయ్యాక చూస్తే ఉండవు. అంటే అందరూ కూర్చుని ఉండగానే పోతున్నాయి. అందరూ ఉండగా ఎవరూ చూడకుండా ఎలా పోతాయి?

అప్పుడు తట్టింది. అందరూ ఉండి, ఎవరూ చూడని సమయం ఒక్కటే ఉంది. ప్రార్థన!

ఆ రోజు అయ్యగారు "కళ్ళు మూసుకుందాం" అన్నారు. గుడంతా కళ్ళు మూసుకుంది. తబితమ్మా మూసుకుంది. యాభై ఏళ్ళుగా తెరవని కళ్ళు. తెరిస్తే దేవుడు ఏమనుకుంటాడో! తెరవకపోతే దొంగ దొరకడు. ప్రార్థన ఊరికోసం అయింది, దేశం కోసం అయింది, ఏలేవాళ్ళ దాకా వచ్చింది. అప్పుడు తబితమ్మ "ప్రభువా, క్షమించు" అనుకుని, తల తిప్పి, ఒక్క కన్ను తెరిచింది.

ఆ తర్వాత రెండో కన్ను దానంతటదే తెరుచుకుంది.

వెనక గుమ్మం పక్కన, బాన దగ్గర, వాళ్ళమ్మ వంగుని ఉంది. వంగని మోకాళ్ళు వంచుకుని, తెల్ల చీర కొంగు ఒడిలా పట్టుకుని, గుప్పెడు తర్వాత గుప్పెడు బియ్యం తీసి పోసుకుంటోంది. పోసుకుంటూ పెదవులు కదుపుతోంది. ప్రార్థన చేస్తూనే దొంగతనం చేస్తోంది!

తబితమ్మ కొయ్యబారిపోయింది. మామ్మ మూత మెల్లిగా పెట్టి, కొంగు ముడేసి, గోడ పట్టుకుని లేచి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. గుడి నిండా జనం. ఒక్కరూ చూడలేదు.

అప్పుడు తబితమ్మ ఇంకో పాపం చేసింది. ప్రార్థన మధ్యలో లేచింది. చెప్పులు చేత్తో పట్టుకుని వాళ్ళమ్మ వెనకాల నడిచింది.

మామ్మ ఎటు వెళ్ళిందనుకున్నావు? తిన్నగా పాక మందిరానికే! అక్కడ డప్పులు మోగుతున్నాయి, జనం చేతులెత్తి, కళ్ళు మూసుకుని, గట్టిగా ఏడుస్తూ ప్రార్థిస్తున్నారు. వాళ్ళ ప్రార్థన వీళ్ళ కంటే పొడుగు. పప్పు ఉడకడమే కాదు, తాలింపు కూడా అయిపోతుంది. మామ్మ గుమ్మం పక్కనున్న వాళ్ళ బాన మూత తీసి, అందులోంచీ నాలుగు గుప్పెళ్ళు కొంగులో వేసుకుంది. ఏ సంఘానికీ తక్కువ చెయ్యలేదు మహాతల్లి.

తబితమ్మ గుమ్మం బయటే నిలబడిపోయింది. లోపలికి చూసింది. ఎత్తిన చేతుల మధ్య, మూసిన కళ్ళ మధ్య, రెండు కళ్ళు గుడ్లప్పగించి తన వైపే చూస్తున్నాయి. అవి ప్రిస్కిల్లమ్మ కళ్ళు. ఆవిడా దొంగని పట్టుకోవడానికే ఆ రోజు కళ్ళు తెరిచింది.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తిట్టుకోవడం మర్చిపోయారు. మాటామంతీ లేకుండా, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, ఆ ముసలావిడ వెంట పడ్డారు. నడినెత్తిన ఎండ. మామ్మ ముందు, వీళ్ళిద్దరూ వెనక. మామ్మ లాకుల దారి పట్టేసరికి ఇద్దరూ కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

లాకుల దగ్గర గుడిసెల ముందు మూడు రాళ్ళ పొయ్యి ఉంది. మామ్మ కొంగు విప్పి రెండు గుళ్ళ బియ్యం ఒకే కుండలో పోసి, కడిగి, పొయ్యి మీద పెట్టింది. గంజి ఉడికింది. ఉప్పు వేసింది. చల్లార్చింది. అప్పుడు గుడిసెలోకి వెళ్ళింది.

తబితమ్మ తొంగి చూసి మొహం తిప్పేసుకుంది. అంతలోనే మళ్ళీ చూడకుండా ఉండలేకపోయింది. వేపాకుల మీద పిల్లలు పడుకుని ఉన్నారు. ఒళ్ళంతా పొక్కులు, కళ్ళు తెరవలేరు. పెదవుల మీద కూడా పొక్కులే. మామ్మ వాళ్ళ తల ఒళ్ళో పెట్టుకుని చెంచాతో కొంచెం కొంచెంగా గంజి పోస్తోంది. ఒక పిల్ల మింగలేక మామ్మ చీర మీదే కక్కింది. ఆదివారం చీర. మామ్మ తుడుచుకుని మళ్ళీ చెంచా అందుకుంది. ఇలా ఒక గుడిసె, రెండో గుడిసె, మూడో గుడిసె.

అప్పుడు తబితమ్మ గుడిసె గుమ్మంలో అడుగు పెట్టింది.

"అమ్మా! అది దేవుడి బియ్యమే!"

మామ్మ వెనక్కి తిరిగింది. ఉలిక్కిపడలేదు. ఎప్పుడొస్తావా అని చూస్తున్నట్టే ఉంది.

"తెలుసే. నా ముంతలో గుప్పెడూ ఉంది అందులో. నువ్వు మూత పెట్టి దాస్తే ఆయన తింటున్నాడా? పోయినేడు పురుగు పట్టి సగం పారబోశావు. చూశాను గదా."

"అడిగితే ఇవ్వనా?"

"ఇవ్వవు" అంది మామ్మ. "వాళ్ళది ఏ సంఘం అంటావు. నాకు తెలీదు, నేనడగలేదు. వాళ్ళకి నోరు తెరవడమే కష్టంగా ఉంది."

ప్రిస్కిల్లమ్మ పక్కకి తిరిగి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తబితమ్మకి మాత్రం కన్నీళ్ళు రాలేదు. ఆవిడకి అంతకంటే భయంకరమైన సంగతి గుర్తొచ్చింది.

"అమ్మా, నేను దేవుడి ముందు మాటిచ్చాను! పేరు కొట్టేస్తారు. నాన్న పక్కన నీ చోటు పోతుంది. నువ్వూ విన్నావు. ఆమెన్ అన్నావు!"

"అన్నాను. వినే అన్నాను."

"విని, ఆమెన్ అని, మళ్ళీ తీశావా?"

"ఊఁ" అంది మామ్మ. అని మళ్ళీ గంజి కలపడంలో పడింది.

తబితమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, ఆ మర్నాడూ ముట్టలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ప్రిస్కిల్లమ్మ చెప్పనంది, పైగా చేతులు పట్టుకుని "ఊరుకో అక్కా" అంది. అక్కా అని పిలవడం అదే మొదలు. కానీ దేవుడి ముందు ఇచ్చిన మాట. చెబితే అమ్మకి ఉన్న ఒక్క ఆశా పోతుంది. మామ్మ అయితే ఏమీ ఎరగనట్టు ముంత కడుక్కుని, "చెప్పెయ్యవే, నాకేం బాధ లేదు" అనేసింది. బాధంతా తబితమ్మకే.

ఆ తర్వాత బుధవారం కూటంలో తబితమ్మ లేచింది.

"దొంగ దొరికింది" అంది. "మా అమ్మ."

ఒకావిడ చేతిలో పాటల పుస్తకం జారి కిందపడింది. సంఘపెద్ద జఫన్య గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని మామ్మని చూశారు, ఆవిడేనా అన్నట్టు. తబితమ్మ ఆగకుండా అంతా చెప్పేసింది. ప్రార్థనలో కళ్ళు తెరిచిన సంగతీ చెప్పింది. బియ్యం లాకులకి వెళ్ళిందని చెప్పేసరికి వెనక వరసల వాళ్ళు మామ్మకి దూరంగా జరిగారు, అంటుకుంటుందేమోనని.

అయ్యగారు పాపం మెత్తని మనిషి. పుస్తకం ఒళ్ళో ఉంది గానీ పెన్సిలు ముట్టుకోలేదు.

"మామ్మా, ఇంత వయసుదానివి. తప్పయింది, ఇంక తియ్యను అని ఒక్క మాట అను. చాలు. నీ పేరూ ఉంటుంది, నీ చోటూ ఉంటుంది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంత సులువని ఎవరూ అనుకోలేదు. తబితమ్మ చేతులు జోడించి వాళ్ళమ్మ వైపు చూసింది.

మామ్మ పీట మీద నుంచి మెల్లిగా లేచింది.

"తప్పయిందని అనగలను అయ్యా. ఈ వయసుకి తప్పులకేం తక్కువ! ఇంక తియ్యననే మాటే నోటికి రావట్లేదు. రేప్పొద్దున వాళ్ళకి గంజి కాయాలి."

జఫన్య గారికి కోపం వచ్చేసింది. "అయితే మేం ఏం చెయ్యలేం. పేరు కొట్టెయ్యండి అయ్యగారూ. సీలాసు పక్కన చోటు లేదింక."

"అమ్మా!" తబితమ్మ ఏడుస్తూ వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది. "ఒక్క మాట అనవే. నేను వేరే బియ్యం తెచ్చి ఇస్తాను, రోజూ నేనే మోస్తాను. ఒక్క మాట అని నాన్న పక్కన చోటు ఉంచుకో. ముప్పై ఏళ్ళు గడ్డి పీకావు!"

మామ్మ కూతురి తల మీద చెయ్యి వేసింది.

"ఆ చోటు నేను ముందే వదిలేసుకున్నానే. నువ్వు ఒట్టు పెట్టకముందే."

"ఎందుకు?"

"కూలీల్లో ఒకామెకి పసిగుడ్డు పుట్టి పోయాడు, పదిరోజుల వాడు. ఆటలమ్మ మొదలైన వారమే. వాళ్ళ నాన్న వాణ్ణి గుడ్డలో చుట్టుకుని మనింటికొచ్చాడు. మీ తోటలో మూలకి ఇంత చోటిస్తారా అని అడిగాడు. నువ్వేమన్నావో నేను వంటింట్లో నుంచి విన్నాను."

తబితమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. గుమ్మం అవతల నిలబడ్డ ఒక మనిషి. చేతుల్లో మూట. ఆవిడ అతని మొహం చూడలేదు, మూట చూడలేదు. "మీదే సంఘం?" అంది. ఆ మనిషి ఏం చెప్పాలో తెలీక నిలబడితే, "ఇది మా సంఘం వాళ్ళ తోట" అని తలుపేసుకుంది.

"అక్కణ్ణుంచి పాక మందిరానికీ వెళ్ళాడు" అంది మామ్మ. "వాళ్ళూ అదే అన్నారు. చీకటి పడుతోందని కాలవ గట్టు మీదే తవ్వి పెట్టేశాడు. ఊళ్ళో కాలవంతా తవ్వే మనిషి, తన బిడ్డకి అంత చిన్నది తవ్వలేక కూలబడి ఏడిచాడట."

అయ్యగారి చేతిలో పుస్తకం మూసుకుపోయింది.

"మీ నాన్నకి చుట్టూ బోలెడుమంది ఉన్నారే" అంది మామ్మ. "అటు మీ పెదనాన్న, ఇటు మీ మేనత్త, కాళ్ళ దగ్గర చుట్టాలూ పక్కాలూ. ఆయనకి తోడు కరువా? ఆ పసివాడే గట్టు మీద ఒక్కడే ఉన్నాడు. నన్ను వాడి పక్కన పెట్టండి."

తబితమ్మ తలెత్తింది.

"వాడి పేరేంటమ్మా?"

"పేరు పెట్టేలోపే పోయాడే" అంది మామ్మ.

తబితమ్మ లేచింది. వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళి, బియ్యం బానని వాటేసుకుని, ఎత్తబోయింది. ఒక్కదాని వల్ల కాలేదు. ముందు ఎవరు లేచారో తెలీదు గానీ, ఇంకో రెండు చేతులు వచ్చి పడ్డాయి, ఆ తర్వాత ఇంకో రెండు. జఫన్య గారు "ఆగండి, ఆగండి" అంటూనే ఉన్నారు. పేరు కొట్టేశారో లేదో ఆ గొడవలో ఎవరూ చూడలేదు. బాన గుమ్మం దాటింది. మామ్మ గోడ పట్టుకుని వాళ్ళ వెనకాల నడిచింది.

మామ్మ ఇంకో నాలుగేళ్ళు బతికింది. ఆఖరికి ఆవిడని ఎక్కడ పెట్టారంటావా? అడిగినచోటే పెట్టారు తల్లీ. కాలవ గట్టున, పెద్ద సమాధి పక్కన చిన్న సమాధి. ఆ పిల్లవాడు ఇప్పుడు ఒంటరివాడు కాడు.

ఏడవకు. ఏడిస్తే నాకూ వస్తుంది. ఇలా రా, దగ్గరికి.

కథ వెళ్ళె కంచికి,
గంజి వెళ్ళె గుడిసెకి,
మామ్మ వెళ్ళె గట్టుకి,
మనం వెళ్దాం ఇంటికి,
నువ్వు వెళ్ళు నిద్దరకి!